ఏటిగట్టుకు ఏ వైపు ఇల్లు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: వచ్చే ఏడాది ఉద్యోగ విరమణ చేస్తున్నాను. ఇన్నేళ్ళూ హైదరాబాదులోనే గడిచిపోయింది. మా అత్తగారి ఊరు కోనసీమలో గౌతమీ పాయ ఒడ్డున ఉంది. అక్కడ గట్టుకు ఏటి వైపున కొబ్బరి చెట్లతో సహా పన్నెండు సెంట్ల స్థలం, అందులో పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చాయి. గట్టుకు ఊరి వైపున పలికే ధరలో సగమే చెబుతున్నారు. పిల్లలు వద్దంటున్నారు. చిన్నప్పుడే ఆ ఊరు వదిలి వచ్చిన నా భార్యకు, ఇప్పుడు వెళితే ఊరివాళ్ళు కలుపుకుంటారా అన్న సందేహం కూడా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: గోదావరి ఒడ్డున స్థిరపడాలన్న మీ కోరిక మంచిదే, వదులుకోవద్దు. ఆ స్థలం మాత్రం కొనవద్దని నా గట్టి సలహా.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల వెంట సముద్రం దాకా సాగే ఏటిగట్లే అక్కడి బతుకులను రెండుగా విడదీస్తాయి. ఊరి వైపున పంట కాలువలు, వరి చేలు, బస్సు తిరిగే రోడ్లు ఉంటాయి. ఏటి వైపున లంకలు (ఏటి పాయల నడుమ మేట వేసిన దీవుల వంటి నేలలు), కూరగాయల తోటలు, కొబ్బరి తోటలు, వాటి మధ్య ఇళ్ళు ఉంటాయి. ధర సగానికి పడిపోయిందంటే దానికి కారణం ఆ గట్టే. అమ్మేవారు ఆ సంగతి చెప్పకపోయినా ఊళ్ళో ప్రతివారికీ తెలుసు.

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండవది, 17.75 అడుగుల వద్ద మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక నాటికే బ్యారేజీ నుంచి సుమారు పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పోతూ ఉంటుంది, పల్లపు లంకలకు వెళ్ళే కాజ్‌వేలు (తక్కువ ఎత్తు దారులు) మునిగిపోతాయి, పడవ తప్ప మరో దారి ఉండదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు పెరిగి, ధవళేశ్వరం మీదుగా సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించినప్పుడు ఏటిగట్లే పలుచోట్ల తెగి, ఊరి వైపు గ్రామాలు కూడా మునిగాయి. ఆ తరువాత గట్లను ఎత్తు చేసి బలపరిచారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు నమోదైనప్పుడు లంకల్లోని ఇళ్ళు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. మీరు చూసిన పెంకుటింటి గోడ మీద ఆ ఏడాది వరద నీటి చార ఎక్కడుందో అడిగి చూడండి. సున్నం వేసి చెరిపేసి ఉంటే పక్కింటి పెద్దవారిని అడగండి, నడుము దాకానా, చూరు దాకానా అన్నది వారు చేత్తో చూపిస్తారు.

వరద ఎన్ని రోజులున్నా తీసిపోతుంది. కోత సంగతి అలా కాదు. ఒక ఒడ్డున నది మట్టిని కోసుకుపోతూ, మరోచోట మేట వేస్తుంది. కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు వరుసగా ఏట్లోకి ఒరిగిపోవడం లంకల రైతులకు ఏటా కళ్ళారా చూసే నష్టం. కోతకు పోయిన భూమికి మీ చేతిలో దస్తావేజు మిగులుతుంది, భూమి మిగలదు. ఎదుటి ఒడ్డున కొత్తగా మేట వేసిన లంక ప్రభుత్వానిది అవుతుంది తప్ప మీది కాదు. మీ జీవితకాలపు పొదుపును అటువంటి అంచున పెట్టడం నాకు సమ్మతం కాదు.

కాగితాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లంక భూముల్లో జిరాయితీ (సొంత హక్కున్న) భూమి ఉంటుంది, కౌలుకిచ్చే ప్రభుత్వ భూమి ఉంటుంది, పేదలకిచ్చిన డి-పట్టా భూమి ఉంటుంది. డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. ఆ నిబంధనలకు తరువాత సవరణలు కూడా వచ్చాయి. అందువల్ల గట్టుకు ఏ వైపున కొన్నా అడంగల్, 1-బి (భూమి, హక్కుదారుల రికార్డులు), ఈసీ (ఆ భూమిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషిద్ధ జాబితాలో ఉన్నదీ లేనిదీ చూసుకుని, తహసీల్దారు కార్యాలయంలో విచారించిన తరువాతే బయానా ఇవ్వండి. బంధువుల ద్వారా వచ్చిన బేరమైనా ఈ పని మానవద్దు. బంధుత్వం మీద నమ్మకంతో కాగితం చూడకుండా కొన్నవారి తగాదాలు ఈ శీర్షికకు తరచూ వస్తుంటాయి.

అదే ఊళ్ళో గట్టుకు లోపల, అంటే ఊరి వైపున, సగం స్థలమే వచ్చినా సరే, కొనండి. నది అక్కడి నుంచి రెండు నిమిషాల నడక, సాయంత్రం గట్టు మీద కూర్చుంటే కనిపించేది అదే గోదావరి. లోపల ఇబ్బందులు లేవని అనను. ఏరు నిండుగా ఉన్నప్పుడు మురుగు కాలువల స్లూయిజులు (తూము తలుపులు) మూసేస్తారు, అదే సమయంలో కుండపోత కురిస్తే ఆ నీరు బయటికి పోయే దారి లేక వీధుల్లోనే నిలుస్తుంది. కాబట్టి పునాది రోడ్డు మట్టానికి బాగా పైన ఉండాలి, కరెంటు మీటరు, మోటారు ఇంకా పైన ఉండాలి, సెప్టిక్ ట్యాంకు వాన నీటిలో మునగని ఎత్తులో ఉండాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీరు ఆపేస్తారు. మంచినీటి చెరువు నింపుకున్న ఊరికి ఆ వారాలు ఇబ్బంది లేకుండా గడుస్తాయి, నింపుకోని ఊరికి ట్యాంకర్లే గతి. సముద్రానికి దగ్గరైన ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. కొనేముందు ఒకసారి మే నెలలోను, మరొకసారి ఆగస్టులోను వెళ్ళి వారం రోజుల చొప్పున ఉండి రండి. సంక్రాంతికి మాత్రమే చూసి ఆ ఊరిని అంచనా వేయకూడదు.

మీ భార్యగారి సందేహానికి నా జవాబు ధైర్యంగానే ఉంటుంది. ఆడపడుచు తిరిగి వస్తే కాదనే ఊళ్ళు కోనసీమలో లేవనే నా నమ్మకం. బాటసారులకు వేళకాని వేళలో కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు కాపురమున్న లంకల గన్నవరం ఈ సీమదే. కానీ ఊరు మీ దగ్గర కొంత ఆశిస్తుంది: చావుకీ పెళ్ళికీ వెళ్ళాలి, గుడి పనికి చందా ఇవ్వాలి, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి మీ ఊరి ప్రభ (అలంకరించి భుజాల మీద మోసుకెళ్ళే పెద్ద చట్రం) వెళ్ళే ఆనవాయితీ ఉంటే దాని వెంట నడవాలి, ఎదురింటివారు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటే కాఫీ ఇవ్వాలి. తలుపు వేసుకుని ప్రశాంతంగా ఉండాలనుకునేవారికి పల్లెటూరు నప్పదు. పిల్లల మాటలోనూ న్యాయముంది. పెద్దాసుపత్రి ఎంత దూరమో, రాత్రిపూట వాహనం దొరుకుతుందో లేదో తేల్చుకుని వారికి చెప్పండి.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నిరుడు పెళ్ళయి పి. గన్నవరం దగ్గరి ఒక లంక ఊరికి కాపురానికి వచ్చాను. ఇప్పుడు నాకు ఐదో నెల, ఆగస్టు చివరలో కాన్పు కావచ్చని డాక్టరుగారు చెప్పారు. తొమ్మిదో నెలలో పుట్టింటికి పంపుతామని అత్తగారు అంటున్నారు. వరదొచ్చినా గేదెలను వదిలి మామగారు ఇల్లు కదలరట. వరద అంటే నేను ఎప్పుడూ చూడలేదు. నా భయం తప్పా? – పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: తప్పు కాదమ్మా. నీ లెక్క సరైనది, అత్తగారికి దాన్ని నెమ్మదిగా వివరించాలి. నీ తొమ్మిదో నెల జూలై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా నడుస్తుంది. గోదావరికి పెద్ద వరదలొచ్చే రోజులు సరిగ్గా అవే. జి. పెదపూడి, బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట వంటి ఊళ్ళకు వేసవిలో ఏటి పాయలో వేసుకునే తాత్కాలిక బాట, ఎర్రనీరు (తొలి వరద నీరు) రాగానే కొట్టుకుపోతుంది. ఆ తరువాత పడవే దిక్కు. నొప్పులు మొదలైన మనిషిని అర్ధరాత్రి వరద నీటిలో పడవెక్కించి, అవతలి రేవులో 108 వాహనం కోసం నిలబెట్టే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను అధికారులు ముందుగా ఆసుపత్రులకు తరలిస్తారన్నది నిజమే, కానీ దాని మీదనే ఆధారపడవద్దు.

ఏడో నెలలో కూడా పుట్టింటికి పంపే ఆచారం మనకు ఉంది. అది నీకు మే చివరి నుంచి జూన్ చివరి లోపు పడుతుంది, కాబట్టి ఆచారం తప్పకుండానే సమస్య తీరుతుంది. అంత దూరం రైలు ప్రయాణానికి డాక్టరుగారు ఒప్పుకోకపోతే, జూలై మొదటి వారానికే అమలాపురంలోనో రాజమండ్రిలోనో బంధువుల ఇంటికి చేరి, అక్కడే పరీక్షలు చేయించుకో. ఈ మాట అత్తగారితో నువ్వు ఒంటరిగా చెప్పడం కష్టమైతే ఊళ్ళోని ఆశా కార్యకర్తను వెంట పెట్టుకో, ఆమె మాట పెద్దలు వింటారు.

మీ మామగారిది మొండితనమని అనుకోవద్దు. పాడి పశువే ఆ ఇంటి నెలవారీ రాబడి, దాన్ని నీటికి వదిలి రమ్మంటే ఎవరూ కదలరు. పశువులు ముందు కదిలితే మనిషి వాటి వెనకే కదులుతాడు. భద్రాచలంలో నీరు పెరిగాక ధవళేశ్వరానికి చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది కనుక, భద్రాచలంలో రెండవ హెచ్చరిక అనగానే గేదెలను గట్టు మీదికి తోలుకుపోయి, టార్పాలిన్ కింద కట్టేసే ఏర్పాటు మీ ఆయన చూసుకోవాలి. గడ్డి కొంత ముందే గట్టు మీదికి చేర్చాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. కాగితాలు, నీ ఆరోగ్య కార్డు ప్లాస్టిక్ కవరులో సిద్ధంగా ఉంచుకో. బిడ్డతో తిరిగి వచ్చేది వరద తీసిన తరువాతే అయినా, గదులు కడిగించి మూలమూలా వెతికించాకే లోపలికి వెళ్ళు, ఆ రోజుల్లో కట్లపాములు, నాగుపాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళలో చేరతాయి.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఏటిగట్టు వాలును తవ్వి ట్రాక్టర్లకు దారి చేసుకున్నారు. నేను బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయుణ్ణి. ఫిర్యాదు చేస్తే ఊరికి విరోధినవుతానేమో. – ఒక పాఠకుడు, వశిష్ఠ తీరం

సమాధానం: తవ్విన గట్టు ఊరందరి ప్రాణాలకూ ముప్పు. 2006 వరదలోనూ డెల్టాలో గట్టుకు గండ్లు పడ్డాయి, ఆ రోజులను మరచిపోనివారు మీ ఊళ్ళోనే ఉంటారు. మీరు ఒక్కరే అర్జీ పెట్టకుండా, అటువంటి పెద్దలను ముందు నిలబెట్టి, గ్రామసభలో తీర్మానం చేయించి దాని నకలును జలవనరుల శాఖ డివిజన్ కార్యాలయానికి పంపండి. గట్టు మీద తిరిగే లస్కరుకు (ఆ శాఖ కాపలా మనిషికి) ఆ చోటు ప్రత్యేకంగా చూపించండి. ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు జూన్ లోపే ఆ చోటికి చేరాలని తీర్మానంలోనే రాయించండి. వరద రోజుల్లో రాత్రి కాపలాకు పేర్లు కూడా అదే సభలో ఖాయం చేసుకుని, గట్టుకు ఊరి వైపు పాదం దగ్గర ఎలుక బొరియల నుంచి గానీ మరో చోటు నుంచి గానీ బురద నీరు ఊరుతున్నదేమో చూడటం ఆ కాపలావారికి నేర్పించండి.