ఎడమచేతి బిడ్డకు కత్తెర కొనేముందు

బిడ్డా,

నువ్వు కుట్టుమిషన్ కొన్నావని, జాకెట్లు కుట్టడం మొదలుపెట్టావని, ఇంట్లో మూటకట్టి ఉన్న మీ నాయనమ్మ పాత చీరలతో గోధడి (బొంత) కూడా కుడతానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. కానీ పాల ప్యాకెట్లు కోసే కత్తెరతోనే గుడ్డ కూడా కట్ చేస్తున్నావని, అంచులన్నీ వంకర పోతున్నాయని, "నాకు కటింగ్ రాదు పెద్దమ్మకు చెప్పు" అని ఏడ్చావని కూడా చెప్పింది, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నా.

నీకు కటింగ్ రాకపోవడం కాదు బిడ్డా, నీ చేతికి తగిన కత్తెర నీ దగ్గర లేదు. నువ్వు ఎడమచేతి వాటం పిల్లవి. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ల కోసం చేసింది. కుడిచేత్తో నొక్కితే బొటనవేలు ఒకవైపు నెడుతుంది, మిగతా వేళ్లు ఇంకోవైపు లాగుతాయి, ఆ ఒత్తిడికి రెండు బ్లేడ్లూ దగ్గరికి వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, గుడ్డ తెగుతుంది. అదే కత్తెర ఎడమచేతిలోకి వస్తే అదే ఒత్తిడి రెండింటినీ విడదీస్తుంది. మధ్యలో సందు పడి గుడ్డ తెగకుండా మడత పడి ఇరుక్కుంటుంది. పైగా చాక్ గీత పైబ్లేడు చాటుకు పోతుంది, నువ్వు మెడ వంచి చూస్తూ అంచనాగా కోస్తావు. వంకర రాక ఏమవుతుంది?

కాబట్టి ఎడమచేతి కత్తెరే కొను. గుర్తుపట్టడం తేలికే. మొన అవతలికి పెట్టి తెరిచి పట్టుకో, పైన ఉన్న బ్లేడు ఎడమవైపు ఉంటే అది ఎడమచేతిది, కుడివైపు ఉంటే మామూలుది. తిరగేసి పట్టుకున్నా ఇది మారదు. 'రెండు చేతులకూ పనికొస్తుంది' అని అమ్మేవాటిలో చాలావరకు పిడి మాత్రమే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బ్లేడ్లు కుడిచేతివే, వాటి జోలికి పోకు. మన ధర్మాబాద్‌లో అడిగితే ఎడమచేతివి దొరకవు, నాందేడ్, నిజామాబాద్ పెద్ద షాపుల్లో అడిగి చూడు, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకో, కానీ వాపసు తీసుకునే చోటే కొను.

సైజు సంగతి. జాకెట్లకు 8 లేక 9 అంగుళాలది చాలు. 10 అంగుళాలది టైలర్లు సూటు గుడ్డకు వాడతారు, రోజంతా పడితే మణికట్టు లాగేస్తుంది. పిడి కొంచెం పైకి వంగి ఉన్నది చూసుకో, అప్పుడు కిందబ్లేడు బల్ల మీద పడుకుని పోతుంది, గుడ్డ పైకి లేవదు. నువ్వు నేల మీద పరిచి కోస్తావు కాబట్టి నీకు ఇది ఇంకా ముఖ్యం.

షాపుకు వెళ్తే చేతులూపుకుంటూ వెళ్లకు. ఒక రూబియా (జాకెట్ల నూలు గుడ్డ) ముక్క, ఒక జార్జెట్ ముక్క, నాలుగు మడతలు వేసిన పాత నూలు చీర ముక్క సంచిలో వేసుకో. షాపువాడు కాగితం కోసి చూపిస్తాడు, కాగితం ఏ కత్తెరైనా కోస్తుంది. నువ్వు జార్జెట్ ఒక్క పొరనే మొన దగ్గర, చివరి అర అంగుళంతో కోసి చూడు. మొన దగ్గర నమిలితే పక్కన పెట్టెయ్. తర్వాత మూసి వెలుతురుకు ఎదురుగా పక్కనుంచి చూడు, మంచి కత్తెరలో బ్లేడ్ల మధ్య సన్నటి వెలుగు గీత కనబడాలి, మొనలు మాత్రం కలిసి ఉండాలి. మొత్తం అతుక్కుపోయినట్టు ఉంటే అది మంచిది కాదు. ఆఖరున ఒక పిడి పట్టుకుని బాగా తెరిచి రెండోది వదిలెయ్, మెల్లగా దిగి మధ్యలో ఎక్కడో ఆగాలి. టక్కున మూసుకుంటే స్క్రూ వదులు, కదలకపోతే మరీ బిగుతు.

మధ్యలో రివెట్ కొట్టినవి వద్దు, స్క్రూ ఉన్నదే తీసుకో, బిగించుకోవచ్చు, విప్పి సాన పట్టించుకోవచ్చు. నా దగ్గరున్నది మీరట్‌ది, పాత బండ్ల తుక్కు ఉక్కుతో చేస్తారు, మీరట్ కత్తెరలకు 2013లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. తాత కొన్నది మనవడు వాడతాడని వాళ్ల దగ్గర ఒక మాట ఉంది. మాట నిజమే, కానీ సాన సరిగ్గా పట్టించినంత కాలమే. నేనొక పెళ్లిళ్ల సీజన్లో వీధిలో వచ్చిన సానవాడికి ఇచ్చాను. వాడు బయటి ఏటవాలు అంచుతో ఆగకుండా లోపలి ముఖం కూడా చక్రానికి ఆనించి అరగదీశాడు. ఆ రోజు సాయంత్రమే ఒకావిడ ఆకుపచ్చ పట్టు జాకెట్టు గుడ్డ ముందువైపు మెడ దగ్గర ముద్దయిపోయింది, అలాంటి రంగు కోసం నిజామాబాద్ దాకా వెళ్లి కొనిచ్చాను. లోపలి ముఖంలో సన్నటి గుంట ఉంటుంది, అది పోతే కత్తెర పోయినట్టే. నువ్వు ఎవరికిచ్చినా పక్కనే నిలబడి, బయటి అంచు మాత్రమే పట్టమని చెప్పు. సన్నటి పళ్లున్న కత్తెరలు జారిపోయే శాటిన్‌ను బాగా పట్టుకుంటాయి గానీ వాటిని మామూలు సానవాడికి ఇవ్వకు, పళ్లు అరిగిపోతాయి.

గోధడికి మాత్రం పెద్ద కత్తెర కోసం తొందరపడకు. పాత నూలు చీరలకు అంచు దగ్గర అర అంగుళం గాటు పెట్టి రెండు చేతులతో లాగు, పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది, ఏ కత్తెరా అంత సూటిగా కోయలేదు. పాలిస్టర్ చీరలు అలా చిరగవు, వాటినే కోయాలి, అదీ ఒక్కో పొరగా. నాలుగైదు పొరలు కలిపి కోస్తే కిందిది జరిగిపోతుంది. దారాలకు చిన్న కత్తెర వేరుగా ఉంచుకో, పెద్దదాంతో దారం తెంపకు. చదరపు ముక్కలు వందల్లో కావాలనుకుంటే 45 మిల్లీమీటర్ల చక్రం కట్టర్ (గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసేది) బాగుంటుంది, కింద దాని మ్యాట్ తప్పనిసరి, బ్లేడును ఎడమవైపుకు మార్చుకునే వీలుందో లేదో చూసుకో.

కొన్నాక దానితో కాగితం కోయనివ్వకు. కాగితంలో సుద్ద లాంటి పొడి కలిసి ఉంటుంది, అదే పదునును తినేస్తుంది. పిడికి ఎర్ర గుడ్డ పేలిక కట్టు, ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా మీ తమ్ముడికి. షాబాద్ బండల మీద పడనివ్వకు, ఒక్కసారి మొన మీద పడితే చాలు. వానాకాలంలో పొడిగుడ్డతో తుడిచి స్క్రూ దగ్గర మిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, పాతగుడ్డ కోసి నూనె పోయిందని చూసుకున్నాకే పట్టు గుడ్డ ముట్టుకో.

కత్తెర వచ్చిన రోజు ఆ రూబియా ముక్క మీద చాక్‌తో ఒక చంక వంపు గీసి కోసి, ఫోటో తీసి నాకు పంపు. గీత మీదే పోయిందో లేదో చూస్తా.

నీ పెద్దమ్మ, ధర్మాబాద్