క్యాంపింగ్ ట్రైలర్‌తో బైకులు తీసుకెళ్లాలంటే బరువు ఎక్కడ పడాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా బావగారు, నేను కలిసి ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ చేయించుకుంటున్నాం. పని ఇంకా షెడ్డులోనే నడుస్తోంది. సామానుతో కలిపి 700 కిలోల దాకా తూగుతుందని అంచనా. సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లి, దేవమాలి కొండ దగ్గర మకాం పెట్టి, ఆ చుట్టుపక్కల దారుల్లో మా రెండు బుల్లెట్ల మీద తిరగాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. ట్రైలర్ వెనక భాగంలో ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించి, బైకులను దాని మీద నిలబెట్టవచ్చా? లాగేది మా డీజిల్ ఎస్‌యూవీ.

జవాబు: దయచేసి ఆ వెల్డింగ్ చేయించకండి. స్టాండు విరిగిపోతుందేమోనన్నది ఇక్కడ రెండో భయం మాత్రమే. స్టాండు ఎంత గట్టిగా ఉన్నా, ట్రైలర్ తోక మీద పెట్టిన బరువు బండిని అదుపు తప్పిస్తుంది. ఎడ్లబండి కట్టిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ తాళ్లు బిగుసుకుంటాయి కాబట్టే బండికి ఎప్పుడూ కాస్త ముందు మొగ్గు ఉంచి బరువు వేస్తారు. ట్రైలర్‌కు కావలసింది కూడా ఆ ముందు మొగ్గే.

మీ ట్రైలర్‌నే లెక్కకు తీసుకుందాం. హిచ్ (ట్రైలర్ ఎస్‌యూవీకి తగిలే చోటు) నుంచి ఇరుసు వరకు దూరం 3 మీటర్లు అనుకోండి. 700 కిలోల బరువులో సుమారు 85 కిలోలు హిచ్ మీద పడుతున్నాయనుకోండి. ఇది మంచి అమరికే. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలని చెబుతారు. చిన్న కార్లతో, తక్కువ వేగంతో లాగే బ్రిటన్ క్యారవాన్లకు 5 నుంచి 7 శాతం చాలంటారు. శాతం ఏదైనా, బరువు ముందుకే మొగ్గాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. ఇప్పుడు 195 కిలోల బుల్లెట్ ఒక్కదాన్ని ఇరుసుకు 2 మీటర్లు వెనక నిలబెడితే, 195ను 2తో హెచ్చించి 3తో భాగించగా 130 కిలోలు వస్తుంది. హిచ్ మీద నుంచి అంత బరువు తగ్గిపోతుంది. అక్కడ ఉన్నదే 85 కిలోలు కాబట్టి, ట్రైలర్ ముక్కు 45 కిలోల బలంతో మీ ఎస్‌యూవీ వెనక భాగాన్ని పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. ఇది ఒక్క బైకుకే, మీవి రెండు.

వెనక చక్రాల మీద పట్టు తగ్గిన బండి వెనకాల తోక బరువైన ట్రైలర్ ఉంటే, జాతీయ రహదారి మీద పక్కనుంచి ఒక బస్సు వేగంగా దాటిపోయినప్పుడు వచ్చే గాలి తోపు చాలు, ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఒక వేగం దాటాక ఆ ఊపు దానంతట అది తగ్గదు, ప్రతి ఊపుకూ పెరుగుతూ చివరికి లాగే బండిని కూడా రోడ్డుకు అడ్డం తిప్పేస్తుంది. ముందు భాగంలో నీళ్ల ట్యాంకు పెట్టి సరితూచుకుంటామని కొందరు అంటారు. కాటా మీద అది సరిపోయినట్టే కనిపిస్తుంది గాని, రెండు చివరలా బరువున్న ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం మరీ కష్టం. బరువు ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే ట్రైలర్ అంత నిలకడగా నడుస్తుంది.

అయితే బైకును ముందు డ్రాబార్ (ట్రైలర్ ముందు నుంచి హిచ్ దాకా సాగే ఇనుప దూలం) మీద పెడితే ఏమవుతుందని మీకు సందేహం రావచ్చు. హిచ్‌కు అర మీటరు వెనక, అంటే ఇరుసుకు రెండున్నర మీటర్లు ముందు పెడితే, హిచ్ మీద మరో 160 కిలోలకు పైగా పడి మొత్తం దాదాపు 250 కిలోలవుతుంది. చిన్న హిచ్‌లు చాలావరకు 75 నుంచి 100 కిలోల లోపు బరువుకే చేసినవి. ఎస్‌యూవీ వెనక కుంగిపోయి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ మాట వినడం తగ్గుతుంది.

ఇక మిగిలింది ఇరుసు మీదే పెట్టడం. అమెరికాలో బైకులను లోపలే ఎక్కించుకునే క్యాంపింగ్ ట్రైలర్లు ఉన్నాయి, వాటిని టాయ్ హాలర్ అంటారు. ఆ బరువును ముందే లెక్కలోకి తీసుకుని ఇరుసులు, చట్రం, బ్రేకులు అమర్చి కడతారు. మీ ట్రైలర్ ఇంకా షెడ్డులోనే ఉంది కాబట్టి ఆ పద్ధతి మీకూ సాధ్యమే. కానీ 700 కిలోలకు రెండు బైకుల 390 కలిపితే 1,090 అవుతుంది. 50 లీటర్ల నీళ్లంటే మరో 50 కిలోలు. వంటింటి గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు ఇంచుమించు మరో అంత. అన్నీ చేరితే 1,200 కిలోలకు దగ్గర పడుతుంది. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. సాలూరు, కోరాపుట్‌ల మధ్య సుంకి ఘాట్ దిగేటప్పుడు, బ్రేకులు లేని 1,200 కిలోల ట్రైలర్ వెనకనుంచి నెడుతుంటే మీ ఎస్‌యూవీ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేసే ప్రమాదం ఉంది. బండి కంపెనీ మాన్యువల్‌లో ఎంత బరువు లాగవచ్చో రాసి ఉందేమో మొదట చూడండి. మన దేశంలో అమ్మే చాలా కార్ల మాన్యువళ్లలో ఆ అంకే ఉండదు. బంపర్ దగ్గర ఉండే లాగుడు కొక్కెం, ఆగిపోయిన బండిని మెల్లగా లాక్కెళ్లడానికి పెట్టింది, ట్రైలర్ తగిలించడానికి కాదు.

అందుకే మీకు నా సలహా ఇది. ట్రైలర్‌ను 700 కిలోలకే పరిమితం చేసుకోండి. బైకులను మీ ఊరి పికప్ స్టాండులో బొలెరో పికప్ మాట్లాడుకుని తొట్టిలో ఎక్కించి పంపండి. టన్నుకు పైగా మోసే పికప్‌కు 390 కిలోలు బరువే కాదు. దాని తొట్టి ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు, మీ బుల్లెట్ ఏడడుగులు, కాబట్టి వెనక తలుపు మూసుకుంటుంది. అదే సరదాగా వాడే డబుల్ క్యాబిన్ పికప్ అయితే తొట్టి అయిదడుగులకు అటూ ఇటూగా ఉండి, వెనక చక్రం బయటే నిలుస్తుంది. పసుపు బోర్డు బండి ఒడిశాలోకి వెళ్తుంది కాబట్టి పర్మిట్ సంగతి బయలుదేరే ముందే యజమానితో తేల్చుకోండి. కారు నడపగల మూడో మనిషి ఇంట్లో ఉంటే ఇంకా మంచి దారి ఉంది: మీరిద్దరూ బైకుల మీదే వెళ్లండి. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. సాలూరు దాటాక ఆ కొండల్లోకి ఎక్కే దారి బైకు మీద వెళ్లవలసినదే గాని, తొట్టిలో కట్టి తీసుకెళ్లవలసినది కాదని నా గట్టి అభిప్రాయం.

బయలుదేరే ముందు ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ట్రైలర్‌లో ప్రయాణానికి పెట్టే సామానంతా పెట్టి, దగ్గరలోని రైస్ మిల్లుకు తీసుకెళ్లి, బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా మీద ఒక కొయ్య దిమ్మె నిలబెట్టి, ట్రైలర్ సమంగా ఉండేలా డ్రాబార్ మూతిని దాని మీద దించండి. దిమ్మె బరువు తీసేస్తే వచ్చేదే హిచ్ మీది బరువు. తరువాత లారీల వేబ్రిడ్జి మీద మొత్తం తూయించండి. దారిలో ఎప్పుడైనా ట్రైలర్ ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకుండా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీది కాలు తీసేయండి. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల మాటను పాటించండి. ఇన్ని లారీలున్న సాలూరులో ఆ మాట ఎవరినడిగినా చెబుతారు.

ప్రశ్న: పికప్‌లో బైకును సైడ్ స్టాండు వేసి తాళ్లతో కడుతున్నాం. పది కిలోమీటర్లు పోయేసరికి తాళ్లు వదులైపోతున్నాయి. ఏం చేయాలి? (బొబ్బిలి నుంచి)

జవాబు: సైడ్ స్టాండు తీసేయండి. స్టాండు మీద వాలిన బైకును బిగిస్తే ఆ బలమంతా స్టాండు మడత దగ్గరే పడి, అది వంగడమో, ఫ్రేము దగ్గర పగుళ్లు రావడమో జరుగుతుంది. బైకును నిటారుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని తొట్టి ముందు గోడకు ఆనించి, పక్కకు జరగకుండా అటూ ఇటూ కొయ్య ముక్కలు బిగించండి. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది, కొబ్బరి తాడు ముడి దగ్గర కుదురుకుని వదులవుతుంది. కాబట్టి రాట్చెట్ బెల్టులు (పిడి ఆడించి బిగిస్తే మళ్లీ వెనక్కి జారనివి) నాలుగు కొనుక్కోండి. ముందు రెండు బెల్టులను హ్యాండిల్ చివరలకు తగిలించకూడదు. ఫోర్కులను కలిపి పట్టే కింది బ్రాకెట్‌కు మెత్తని పట్టీ చుట్టి, దానికి తగిలించి, బెల్టులు ముందుకూ పక్కలకూ ఏటవాలుగా దిగేటట్టు సమంగా బిగించండి. ముందు షాక్ అబ్జార్బర్లు సగానికి కొంచెం పైగా కిందికి దిగేదాకా బిగిస్తే చాలు. పూర్తిగా అణిచేస్తే గతుకుల్లో సీళ్లు దెబ్బతిని నూనె కారుతుంది. బిగింపు తక్కువైతే గుంత పడ్డప్పుడు ఫోర్కులు ఇంకా కుంగి, ఆ క్షణంలో బెల్టు కొక్కెం ఊడిపోతుంది. వెనక రెండు బెల్టులు బైకు పక్కకు జరగకుండా ఆపడానికే కాబట్టి అంత బిగువు అక్కర్లేదు. బైకును గేరులో ఉంచి, పెట్రోలు ట్యాంకు నిండుగా లేకుండా చూసుకుని, మొదటి ఇరవై ముప్పై కిలోమీటర్ల తరువాత ఒకసారి, ఘాట్ మొదలయ్యే ముందు మరోసారి బండి ఆపి బెల్టులన్నీ చేత్తో పట్టి చూడండి.

ప్రశ్న: క్యాంపింగ్ ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ కావాలా? లైసెన్సు మాటేమిటి? (పలాస నుంచి)

జవాబు: కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. సొంత అవసరానికి వాడే క్యాంపర్ ట్రైలర్‌ను కేంద్ర ప్రభుత్వం 2004 నవంబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో రవాణేతర వాహనాల జాబితాలో చేర్చింది. షెడ్డులో పని మొదలుపెట్టించక ముందే కొలతలు, ఇరుసు వివరాలతో శ్రీకాకుళం రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగడం మంచిది, ఎందుకంటే కట్టిన తరువాత మార్చడం ఖర్చుతో కూడిన పని. బైకుల కోసం పికప్‌ను మీరే నడపదలిస్తే, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో స్పష్టం చేసింది. బైకు చక్రంగాని, హ్యాండిల్‌గాని బండి హద్దులు దాటి పక్కకో వెనక్కో పొడుచుకు వస్తే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా పడవచ్చు. బీమా పాలసీలో ట్రైలర్‌ను ప్రత్యేకంగా చేర్పించుకోండి. ట్రైలర్ వెనక దీపాలు, బ్రేకు లైటు, ఇండికేటర్లు ఎస్‌యూవీ వాటితో కలిసి వెలుగుతున్నాయో లేదో ప్రతిసారీ ఒక మనిషిని వెనక నిలబెట్టి చూసుకోండి. నడుస్తున్న ట్రైలర్‌లో ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, కూర్చోనివ్వకండి.