ఆరు పీడీఎఫ్‌లు, మూడో పేజీలోనే ఆగిపోతున్నా

ప్రశ్న: సార్, మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఆప్టిక్స్‌లో పీహెచ్‌డీ చెయ్యాలని ఉందని చెబితే మా ప్రాజెక్టు గైడ్ ఆరు ట్యుటోరియల్స్ పంపి, ముందు ఇవి చదవమన్నారు. గాసియన్ బీమ్స్, పోలరైజేషన్, ఫూరియర్ ఆప్టిక్స్, ఆప్టికల్ ఫైబర్లు, నాన్‌లీనియర్ ఆప్టిక్స్, క్వాంటమ్ ఆప్టిక్స్. ఒక్కోటి 60 నుంచి 100 పేజీలు. రెండు నెలలైంది, ఏది తెరిచినా మూడో పేజీలోనే ఆగిపోతున్నా. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. ఈ లైన్‌కి నేను పనికిరానేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, నీకొచ్చిన జాబితా మంచిదే. ఆరూ ఒకేసారి తెరవడమే తప్పు.

ముందు ట్యుటోరియల్ అంటే ఏమిటో చూద్దాం. రివ్యూ పేపర్ ఒక రంగంలో ఎవరెవరు ఏం చేశారో చెబుతుంది. ట్యుటోరియల్ ఒకే విషయాన్ని తీసుకుని మొదటి మెట్టు నుంచి నడిపిస్తుంది. ఆప్టికా సంస్థ 2009 నుంచి తెస్తున్న ‘అడ్వాన్సెస్ ఇన్ ఆప్టిక్స్ అండ్ ఫొటోనిక్స్’ లాంటి పత్రికల్లో ఇలాంటివి వస్తుంటాయి. పైన ‘ఇంట్రడక్టరీ’ అని ఉంటుంది కదా, దాన్ని నమ్మి మనం కథ చదివినట్టు చదవబోతాం. ఆ మాటకి అర్థం, చదివేవాళ్లు ఈ టాపిక్‌కి కొత్త అని. లెక్కలకి కొత్త అని కాదు. ‘సులువుగా చూపించవచ్చు’ అని రాసిన చోట రెండు ఈక్వేషన్ల మధ్య ఒక్కోసారి రెండు పేజీల లెక్క దాక్కుని ఉంటుంది. నువ్వు ఆగుతున్నది ఇంగ్లిషు దగ్గర కాదు, ఆ లెక్క దగ్గర అని నా అనుమానం. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఇలాంటి నోట్స్ ఒకటి మూడుసార్లు చదివాను. రంగు పెన్నుతో గీతలు కూడా గీశాను. వైవాలో ఒక్క అంకె అడిగితే నోరు పెగల్లేదు.

అందుకని ఇవి చదివేవి అనుకోకు, చేసేవి అనుకో. గాసియన్ బీమ్ (మధ్యలో వెలుగు ఎక్కువై అంచుల వైపు మెల్లగా తగ్గే లేజర్ బీమ్) ట్యుటోరియల్ ముందు పెట్టుకో. మొదటి పేజీల్లోనే రేలీ దూరం అని వస్తుంది, బీమ్ పెద్దగా విచ్చుకోకుండా వెళ్లే దూరం: బీమ్ అతి సన్నగా ఉన్న చోట దాని వ్యాసార్థాన్ని వర్గం చేసి, ‘పై’ (3.14) తో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది. అక్కడ ఆగి కాగితం తీసుకో. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, వ్యాసార్థం 1 మిల్లీమీటరు. జవాబు సుమారు 4.8 మీటర్లు. అంటే నీ హాస్టల్ గది ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేసరికే బీమ్ విచ్చుకోవడం మొదలవుతుంది. లేజర్ అంటే దారంలా ఎంత దూరమైనా నేరుగా పోతుందన్న భ్రమ ఆ ఒక్క లెక్కతో పోతుంది.

ఇప్పుడు మన జిల్లా సంగతే తీసుకో. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీఓ వాహనం మీద అమర్చిన లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ ‘చెస్’ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్). టీవీలో చూసి మనవాళ్లంతా మురిసిపోయారు. నువ్వు దాన్ని లెక్కలో చూడు. ఆ ఆయుధం అసలు కొలతలు మనకు అక్కర్లేదు, ఊహకి 1.06 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ అనుకుందాం. బయలుదేరేటప్పుడు బీమ్ వ్యాసార్థం 1 మిల్లీమీటరే అయితే 3 కిలోమీటర్లు వెళ్లేసరికి అది దాదాపు ఒక మీటరుకి విచ్చుకుంటుంది. ఆ వేడితో ఏదీ కాలదు. అదే 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పంపితే రేలీ దూరం 30 కిలోమీటర్ల దాకా పోతుంది, 3 కిలోమీటర్ల దగ్గర బీమ్ దాదాపు అలాగే ఉంటుంది. దూరం కొట్టే లేజర్లకి అంత పెద్ద అద్దాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా? ఇంకో చిక్కు కూడా ఉంది. మే నెలలో గుత్తి రోడ్డు మీద కనిపించే ఎండమావులు తెలుసుగా. వేడెక్కిన గాలి కాంతిని వంచుతుంది, అదే గాలి కదులుతుంటే బీమ్ వణుకుతుంది. దాన్ని సరిదిద్దే విద్యే అడాప్టివ్ ఆప్టిక్స్. ఆ ట్యుటోరియల్ నీ జాబితాలో లేదు. మన ఎండలకి అది ఉండాల్సింది.

లేజర్ పాయింటర్‌తో నువ్వే కొలిచి చూసినప్పుడు లెక్కకీ కొలతకీ తేడా వస్తే కంగారు పడకు. చవక లేజర్ పాయింటర్ బీమ్ నికార్సైన గాసియన్ కాదు.

ఇక అందరూ దెబ్బతినే చోటు, గైడ్లు కూడా చెప్పడం మరిచిపోయేది: గుర్తుల తగాదా. ఫిజిక్స్ వాళ్లు తరంగం రాసేటప్పుడు కాలానికి మైనస్ పెడతారు, ఇంజినీరింగ్ వాళ్లు కాలానికి ప్లస్ పెట్టి దూరానికి మైనస్ పెడతారు. రెండూ సరైనవే. కానీ ఒక పీడీఎఫ్‌లో క్వార్టర్ వేవ్ ప్లేట్ (కాంతి పోలరైజేషన్‌ని మార్చే పలక) మ్యాట్రిక్స్‌లో ప్లస్ ఐ ఉన్న చోట రెండోదాంట్లో మైనస్ జే కనిపిస్తుంది. కుడి సర్క్యులర్, ఎడమ సర్క్యులర్ పోలరైజేషన్ అన్నవి కూడా అంతే. కాంతి మన వైపు వస్తుంటే చూస్తున్నామా, దాని వెనక నిలబడి చూస్తున్నామా అన్నదాన్ని బట్టి తారుమారవుతాయి. బీమ్ వెడల్పుకీ రెండు కొలతలున్నాయి. ఒకటి మనం పైన వాడిన గాసియన్ వ్యాసార్థం. రెండోది తీవ్రత సగానికి పడే చోట్ల మధ్య వెడల్పు, ఇది ఆ వ్యాసార్థానికి దాదాపు 1.18 రెట్లు. ప్రతి ట్యుటోరియల్‌కి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, ఇందులో ఏ గుర్తులు వాడారో మొదటే రాసిపెట్టుకో. ఈ ఒక్క పేజీ లేక వారాలు పోగొట్టుకున్న తెలివైన పిల్లల్ని చూశాను.

వరుస సంగతి. గాసియన్ బీమ్ తర్వాత పోలరైజేషన్. అందులో వచ్చే జోన్స్ మ్యాట్రిక్సులు రెండు వరసలు, రెండు నిలువుల లెక్కలే, భయం లేదు. ఆ తర్వాత ఫూరియర్ ఆప్టిక్స్. దీనికి నెల పట్టినా పర్లేదు, ఇమేజింగ్ నుంచి హోలోగ్రఫీ దాకా అన్నిటికీ ఇదే గుమ్మం. పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి సన్నని చీలిక నుంచి వచ్చే డిఫ్రాక్షన్ (కాంతి వంగి పరుచుకునే తీరు) గీయించు. ల్యాప్‌టాప్ లేకపోతే గూగుల్ కోల్యాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. మిగతా మూడింట్లో నీ ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్న ఒక్కటే చాలు. క్వాంటమ్ ఆప్టిక్స్ పేరు బాగుంది కదా అని ముందే పట్టుకోకు. ఎక్కడైనా చిక్కుకుంటే ఎన్‌పీటీఎల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, ఆ ముక్క వరకు విని మళ్లీ కాగితం దగ్గరికి రా.

ల్యాబ్ లేదని అనకు. తలవెంట్రుకని లేజర్ పాయింటర్ ముందు పెట్టి 2 మీటర్ల దూరంలో గోడ మీద చూడు. వెంట్రుక మందం 70 మైక్రాన్లయితే చీకటి చారలు 1.9 సెంటీమీటర్ల ఎడంతో పడతాయి. నీ చారలు కొలిచి, నీ వెంట్రుక మందం నువ్వే కనుక్కో. పాత సీడీ మీద గీతల ఎడం 1.6 మైక్రాన్లు, దాని మీద ఎర్ర లేజర్ నిటారుగా పడితే మొదటి చుక్క 24 డిగ్రీల దగ్గర వస్తుంది. డీవీడీ అయితే 0.74 మైక్రాన్లు, ఆ చుక్క 61 డిగ్రీలకి జరిగిపోతుంది. పాడైన క్యాలిక్యులేటర్ తెర మీది పలచని పొర ఒక పోలరైజర్. కళ్లు జాగ్రత్త: 1 మిల్లీవాట్ మించని ఎర్ర పాయింటర్ చాలు. బజార్లో దొరికే చవక ఆకుపచ్చ పాయింటర్లు కొన్ని చీటీ మీద రాసినదానికన్నా ఎక్కువ పవర్ ఇస్తాయి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కూడా వదులుతాయి. సీడీ మీద నుంచి తిరిగొచ్చే బీమ్ కూడా కళ్లలో పడకూడదు.

ఇంటర్‌ఫెరోమీటర్ (రెండు కాంతి కిరణాల్ని కలిపి చారలు చూసే పరికరం) దాకా వస్తే అదురు అసలు శత్రువు. లక్షలు పోసే ఆప్టికల్ టేబుల్ మన కాలేజీల్లో ఉండదు. బరువైన కడప బండ ఒకటి తెప్పించి, కింద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబులు పెట్టండి. ఇళ్లలో హోలోగ్రాములు తీసే ఔత్సాహికులు ఇలాగే బండలు, ట్యూబులతో పని నడిపిస్తారు. బండ మన దగ్గర దొరికేదేగా.

ఇప్పుడు ఉద్యోగం, నాన్న. ఒకటి సూటిగా చెబుతా: ఈ ట్యుటోరియల్స్ సీఎస్‌ఐఆర్ నెట్‌కి పెద్దగా పనికిరావు. ఆ సిలబస్‌లో ఆప్టిక్స్‌కి వేరే భాగం లేదు. లేజర్ల ముక్క అటామిక్ ఫిజిక్స్‌లో వస్తుంది, మార్కులు ఎక్కువగా మ్యాథమెటికల్ మెథడ్స్, క్వాంటమ్, ఎలక్ట్రోమాగ్నటిక్ థియరీ చుట్టూ తిరుగుతాయి. కాబట్టి పగలు నెట్, గేట్, జెస్ట్ ప్రిపరేషన్, రాత్రి గంటన్నర ట్యుటోరియల్. ఈ గంటన్నర ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. ఆ అంకె నాన్నకి చెప్పు. చదువు పేరుతో ఇంకా డబ్బు అడుగుతుందేమో అన్నదే చాలామంది తండ్రుల భయం.

ఎక్కడ చదవాలి అంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరులో ఐఐఎస్సీ, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, మద్రాసు ఐఐటీ, ఇండోర్‌లో లేజర్ల మీదే పనిచేసే ఆర్ఆర్‌క్యాట్. పీహెచ్‌డీ అంత పొడుగు వద్దనుకుంటే కొచ్చిన్ యూనివర్సిటీలోనో ఢిల్లీ ఐఐటీలోనో ఆప్టోఎలక్ట్రానిక్స్ ఎంటెక్ ఉంది, ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాళ్లూ రాయొచ్చు.

నాన్న మాట తీసిపారెయ్యకు. అయితే బీఈడీ రెండేళ్ల కోర్సు, డీఎస్సీ ఏటా వచ్చేది కాదు. 2018 తర్వాత మెగా డీఎస్సీ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ రెండుసార్లు రాయడానికి ఏడాది గడువు అడుగు. అప్పటికీ రాకపోతే బీఈడీలో చేరతానని మాటివ్వు, ఇచ్చిన మాట మీద నిలబడు.

ఈ సోమవారం గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘సార్, అర్థం కావట్లేదు’ అని ఉత్తి చేతులతో వెళ్లకు. గాసియన్ బీమ్ మొదటి పది పేజీలకి నువ్వు చేసిన లెక్కలు, ఎక్కడ తెగిపోయిందో అక్కడ ఎర్ర పెన్నుతో చుట్టిన గీత, ఆ కాగితం తీసుకెళ్లు.