నటుడి జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బ్రిటిష్ నటుడు డేవిడ్ సూషే మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. 1946లో లండన్‌లో పుట్టాడు, లామ్డా అనే నటనా విద్యాలయంలో నటన నేర్చుకున్నాడు, 1973లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరాడు, 1989 నుంచి 2013 దాకా ఐటీవీ చానెల్‌లో రచయిత్రి అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరోగా నటించాడు, 2020లో సర్ బిరుదు వచ్చింది. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ వ్యాసమంతా చదివాక కూడా ఆ మనిషి సెట్‌కి వెళ్లి ఏం పని చేసేవాడో నాకు తెలియలేదు. ‘పాత్రలో జీవించాడు’, ‘పరకాయ ప్రవేశం చేశాడు’ అని రాశావు. ఈ మాటలు మన పత్రికల్లో ప్రతి నటుడికీ వాడుతున్నారు. పేరు మార్చి ఇంకొకరికి అతికించగలిగే వాక్యం కనిపిస్తే కొట్టెయ్.

దాని బదులు ఆయన చేసిన పని రాయి. పాత్ర ఒప్పుకున్నాక సూషే అగాథా క్రిస్టీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. పొయిరో గురించి కనిపించిన ప్రతి చిన్న విషయాన్నీ నంబరు వేసి రాసుకున్నాడు. జాబితా 93 దాకా వెళ్లింది. అందులో మొదటిది, ఇతను బెల్జియన్, ఫ్రెంచివాడు కాదు అని. కాఫీలో చక్కెర బిళ్లలు ఎన్ని వేసుకుంటాడో కూడా ఉంది: మామూలుగా నాలుగు, ఒక్కోసారి మూడు, ఎప్పుడో ఐదు. ఈ చక్కెర లెక్క నీ వ్యాసంలో ఉంటే ‘అంకితభావం’ అనే మాట రాయాల్సిన అవసరమే ఉండదు.

నడక సంగతి కూడా చూడు. బిగుతు బూట్లలో చిన్న చిన్న అడుగులతో గబగబా నడిచే మనిషి పొయిరో. ఆ నడక కోసం సూషే పిరుదుల మధ్య ఒక నాణెం బిగించి, అది జారకుండా నడవడం సాధన చేశాడు. తనది సహజంగా లోతైన, ఛాతీలోంచి వచ్చే గొంతు. దాన్ని పైకి, తలలోకి తీసుకెళ్లాడు, ఎందుకంటే పొయిరో బుర్రతో బతికే మనిషి. ఇది కదా నటన గురించి నిజంగా చెప్పే సమాచారం! దీన్ని నువ్వు ‘వాచకం, ఆంగికం మార్చుకున్నాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

ఇంకొక ఘటన ఉంది, నాకు చాలా ఇష్టమైనది. తొలి షూటింగ్ రోజుల్లో పొయిరో పార్కు బెంచీ మీద కూర్చోవాలి. కూర్చునే ముందు జేబురుమాలుతో బెంచీ తుడుస్తానన్నాడు సూషే. అది హాస్యాస్పదంగా ఉంటుందన్నాడు దర్శకుడు. ఇద్దరూ తగ్గలేదు. వ్యవహారం నిర్మాత బ్రయన్ ఈస్ట్‌మన్ దాకా వెళ్లింది, ఆయన సూషే వైపు నిలబడ్డాడు. ఇంత పట్టుదల దేనికో పాఠకుడికి అర్థం కావాలంటే దీనికి ముందు జరిగినది చెప్పాలి. సీరీస్ మొదలుకాకముందు క్రిస్టీ కూతురు రోజలిండ్ హిక్స్ ఆయన్ని భోజనానికి పిలిచి ఒక సంగతి గట్టిగా చెప్పింది: జనం పొయిరోతో కలిసి నవ్వొచ్చు గానీ, పొయిరోని చూసి నవ్వకూడదు. ఈ రెండు ఘటనల్నీ పక్కపక్కన పెట్టు. వ్యాఖ్యానం వద్దు.

కుటుంబాన్ని ‘విద్యావంతుల కుటుంబం’ అని వదిలేశావు. అన్న జాన్ సూషే టీవీలో వార్తలు చదివి పేరు తెచ్చుకున్నవాడు. పొయిరో పాత్ర వచ్చిందని తమ్ముడు చెబితే, దాని జోలికి పోవద్దన్నాడు. ఆ భయానికి కారణముంది. అప్పటికి పొయిరో అంటే చాలామందికి సినిమాల్లో ఆ పాత్ర వేసిన నటుడు పీటర్ ఉస్తినోవ్. 1985లో అదే ఉస్తినోవ్ పక్కన సూషే, పొయిరో కథల్లోని పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్‌గా నటించాడు కూడా. అలాంటివాడు నాలుగేళ్లకు ఆ కుర్చీలోనే కూర్చోవడం చిన్న విషయం కాదు.

‘ఇరవై నాలుగేళ్లు అప్రతిహతంగా’ అన్న మాట తీసెయ్, అది నిజం కాదు. మధ్యలో ఏళ్ల తరబడి సీరీస్ ఆగిపోయింది. ఆ ఖాళీల్లో ఆయన నాటకాలకు వెళ్లాడు, ‘అమెడియస్’ నాటకంలో సంగీతకారుడు సలియేరీ పాత్ర వేశాడు. 2001లో బీబీసీకి మెల్మాట్ అనే మోసగాడైన ధనవంతుడిగా, 2007లో పత్రికల యజమాని రాబర్ట్ మాక్స్‌వెల్‌గా చేశాడు. దీనికే అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. దుమ్ము కణాన్ని కూడా భరించలేని పెద్దమనిషినీ, ఊళ్లకు ఊళ్లనే ముంచే దొంగ దొరల్నీ చేసింది ఒకే నటుడు. నా దృష్టిలో నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడుంది. నువ్వేమో వీటిని ‘ఇతర పాత్రలు’ అని చివర్లో కుక్కావు. అవార్డుల పేరా మొత్తం ఎగిరిపోయినా నాకు బాధ లేదు, ఇది మాత్రం పెంచు.

1986లో హోటల్ గదిలో బైబిల్ చదివి క్రైస్తవుడయ్యాడన్నది ఉన్నదున్నట్టు చెప్పు. దానికీ పొయిరోకీ నీ అంతట నువ్వు ముడి వెయ్యకు.

పొయిరో ఎవరో వివరించడానికి ఒక పేజీ ఖర్చుపెట్టావు, అనవసరం. డిటెక్టివ్ యుగంధర్‌తో పెరిగిన పాఠకులు మనవాళ్లు, నాలుగు వాక్యాలు చాలు.

ముగింపు దగ్గర టీవీలో వచ్చిన వరుసలో కాకుండా షూటింగ్ జరిగిన వరుసలో రాసి చూడు. పొయిరో చనిపోయే చివరి కథ 2013 నవంబరు 13న ప్రసారమైంది. కానీ దాన్ని 2012లోనే, ఆఖరి సీరీస్‌లోని మిగతా కథలన్నిటికంటే ముందు తీశారు. దానికోసం సూషే బరువు తగ్గాడు, పొయిరోగా చచ్చిపోయాడు, తర్వాత మళ్లీ లావు కనిపించే మెత్తల సూటు తొడుక్కుని మిగతా కథలు పూర్తిచేశాడు. ఆఖరి షూటింగ్ 2013 జూన్‌లో, ఇంగ్లండ్‌లోని డెవన్‌లో క్రిస్టీ సొంత ఇల్లు గ్రీన్‌వేలో జరిగింది. కెమెరా ముందు ఆయన చివరి పని చావు కాదు, ఆ ఇంటికి నడిచి రావడం. అక్కడ ఆపెయ్. ఆ చివరి కథలో హంతకుడెవరో మాత్రం రాయకు, ఇంకా చదవనివాళ్లు ఉంటారు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య