నూనె కారే చోట చెయ్యి పెట్టకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మా అన్న, అదే మీ నాయన, ఫోన్ చేశాడు. నువ్వు పాత మినీ ట్రాక్టరు ఒకటి కొన్నావని, బత్తాయి సాళ్ల మధ్య రోటావేటర్ కొట్టడానికి పెద్ద ట్రాక్టరు పట్టక అది తీసుకున్నావని, వారం తిరగకముందే వెనక పనిముట్టును లేపే హైడ్రాలిక్ లిఫ్ట్ ఎత్తడం మానేసిందని, మెకానిక్‌ను పిలుస్తానంటే వద్దని నువ్వే విప్పుతానంటున్నావని చెప్పాడు. "చిన్నోడా, దానికి అన్నీ నీ బుద్ధులే వచ్చినయ్" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సంతోషమైతే వేసింది. మన ఇంట్లో స్పానర్ పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేరతానన్న రోజు అందరూ వద్దంటే చేరమన్నది నేనొక్కడినే. కానీ ఫోన్ పెట్టాక నిద్ర పట్టలేదు. అందుకే లేచి కూర్చుని రాస్తున్నా. పొడుగ్గా ఉందని మధ్యలో వదిలేయకు, మొత్తం చదివాకే పానా పట్టు.

ముందు నూనె చూడు. చదునైన చోట బండి ఆపి, రోటావేటర్ కిందకి దించి, ఇంజన్ ఆపి అప్పుడు గేజీ కడ్డీ తియ్యి. మన చెలక వాలుగా ఉంటుంది, అక్కడ చూస్తే లెక్క తప్పొస్తుంది. ఈ చిన్న బండ్లలో చాలావాటికి గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే నూనె, కాబట్టి తగ్గిన నూనెతో తిప్పితే లిఫ్ట్‌తో పాటు గేర్లు కూడా పోతాయి. నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. నురగ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. నల్లబడి మాడిన వాసన వస్తే అంతకుముందు వాళ్లు బాగా వేడి చేసి నడిపారు. అమ్మినవాళ్లు టిప్పింగ్ ట్రాలీ కట్టారా అని అడుగు, దాన్ని ఎత్తే జాకీ ట్రాక్టరు నూనెతోనే పనిచేస్తుంది, కట్టి ఉంటే పది ట్రాలీల జాకీల్లోని మురికి నీ బండిలోకి వచ్చి ఉంటుంది. అమ్మే ముందు లెవెల్ కోసం చేతికందిన ఇంజన్ ఆయిల్ పోసి పంపేవాళ్లూ ఉంటారు. అనుమానం ఉంటే మొత్తం దించేసి, బండి పుస్తకంలో రాసిన నూనే కొత్తది పొయ్యి. డబ్బులకు చూసుకోకు, తక్కువైతే నేనిస్తా.

లీవర్లు, సీటు కింద దింపే వేగాన్ని సరిచేసే నాబ్ కూడా ఒకసారి సరిచూసుకో. ఆ నాబ్ పూర్తిగా మూసుకుంటే ఎత్తిన పనిముట్టు కిందకి దిగదు. దానికే పంపు విప్పేసిన వాళ్లను చూశాను నేను.

ఇక అసలు విషయం. పొద్దున ఎత్తుతోంది, పదకొండు దాటాక ఎత్తడం లేదని నువ్వు చెప్పావట. సగం జవాబు అందులోనే ఉంది బిడ్డా. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉంటుంది, అరిగిన సందుల్లోంచి తొందరగా జారిపోదు. మన ఎండకు, పనికి అది వేడెక్కి పలచబడిందంటే పంపు అరిగినచోట, సీలు పోయినచోట లోపల్లోపలే వెనక్కి కారిపోతుంది. దీనికి తిరగేసి, పొద్దున మొరాయించి వేడెక్కాక బాగా పనిచేస్తే నూనె వడగట్టే జాలీ దగ్గర అడ్డం ఉందనో, నూనె మరీ చిక్కనిదనో అనుకోవచ్చు. నీది మొదటి రకం. అయినా జాలీ చూడకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే అది చవక, పంపు ఖరీదు. పంపు కూ అని ఏడుస్తోందా విను. ఏడుస్తుంటే నూనె అందక ఏడుస్తోంది. జాలీ తియ్యి, కడుగు, ఫిల్టరు మార్చు. పీల్చే పైపు జాయింటులో ఓ-రింగు, అంటే రబ్బరు రింగు, పోతే బయటికి చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఆ జాయింటు చుట్టూ గ్రీజు పూసి చూడు, పంపు చప్పుడు మారితే దొంగ దొరికినట్టే.

విప్పే ముందు ఆ చుట్టూ డీజిల్‌తో, బ్రష్‌తో కడుగు. మన ఎర్రమట్టి దుమ్ము చిటికెడు పడినా వాల్వు గీసుకుపోతుంది. వేస్ట్ కాటన్‌తో లోపల తుడవకు, ఆ పోగులే పోయి జాలీలో కూర్చుంటాయి. డ్రెయిన్ నట్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడు: మెత్తటి బూడిదలాంటిది ఉంటే పర్వాలేదు, పెచ్చులు కనిపిస్తే నాకు ఫోటో పంపు.

తర్వాత బండి బాగా వేడెక్కాక, ఎంతవరకు ఎత్తితే అంతవరకు రోటావేటర్ ఎత్తి ఇంజన్ ఆపేయి. పక్కన నిలబడి చూడు, కిందికి మాత్రం పోకు. చూస్తుండగానే దిగిపోతుంటే సిలిండరు లోపలి సీలు గానీ కంట్రోల్ వాల్వు గానీ నూనె వదిలేస్తోంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కొద్దికొద్దిగా దిగి మళ్లీ ఎక్కుతూ వణుకుతుంటే కూడా అదే. దిగకుండా నిలబడితే సిలిండరు మంచిదే, వచ్చే నూనెకే బలం లేదు, అంటే పంపు, లేకపోతే ప్రెషర్ హద్దు దాటితే నూనెను వదిలేసే రిలీఫ్ వాల్వు. అది తేల్చడానికి ప్రెషర్ గేజీ పెట్టాలి. గేజీ పెట్టాలంటే బయటి పోర్టుకు పైపు కట్టాలి. ఆ పైపు గురించే నా భయమంతా.

ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

1997 ఎండాకాలం. కొండమల్లేపల్లి చౌరస్తాలో నా షెడ్డు. ఒక పిల్లగాడు పని నేర్చుకోవడానికి వచ్చాడు, పదిహేడేళ్లు. వాళ్లమ్మ దసరా నాడు కొబ్బరికాయతో సహా తీసుకొచ్చి నాకు అప్పజెప్పింది. ఆ రోజు ఒక టిప్పింగ్ ట్రాలీ వచ్చింది, జాకీ పైపు దగ్గర ఎక్కడో సన్నగా తడి. బండివాడు ఒకటే తొందర. నేను సీటు మీద కూర్చుని, ఇంజన్ నడుపుతూ, లీవర్ పైకి పట్టుకుని, "ఎక్కడ కారుతుందో చెయ్యి పెట్టి చూడరా" అన్నాను. మా ఉస్తాదు అలాగే చూసేవాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. వాడు పైపు వెంట చెయ్యి జరుపుకుంటూ పోయి, అబ్బా అని తీసేశాడు. దిగి చూశాను. చూపుడువేలి కొసకు ఒక్క చుక్క, ముల్లు గుచ్చినంత. రక్తం కూడా లేదు. తుమ్మముల్లు గుచ్చుకున్నా ఇంతకంటే ఎక్కువే అయితది, పసుపు పెట్టుకో అన్నాను. వాడు నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు.

సాయంత్రానికి వేలు బిగుసుకుంది. రాత్రికి జ్వరం, వాపు మణికట్టు దాకా. ఊళ్లో ఆర్ఎంపీ నొప్పికి సూది వేశాడు. తెల్లారాక కూడా నేను షెడ్డు తీశాను బిడ్డా, అదే ఇప్పటికీ మింగుడు పడదు. మధ్యాహ్నం వాడి చెయ్యి చూసి అప్పుడు భయపడి పట్నం తీసుకుపోయాను. దవాఖానలో డాక్టరు మొదట అడిగింది ఎన్ని గంటలైందని. ఇరవై గంటలు దాటింది. నూనె వేలి లోపల నరాల వెంట అరచేతిలోకి పోయింది, కోసి కడిగారు, మళ్లీ కోశారు, చివరికి రెండు కణుపులు తీసేశారు. ముందే తెచ్చి ఉంటే వేలు దక్కేదేమో అన్నాడాయన.

బైకు టైరులో గాలి ప్రెషర్ రెండు బార్లు. ఆ పైపులో నూట యాభై దాటి ఉంటుంది. సూదిమొన అంత చిల్లులోంచి వచ్చే నూనె కంటికి కనిపించదు, చేతి తొడుగును కూడా దాటి లోపలికి పోతుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. ఇదంతా ఆ డాక్టరు చెప్పాకే తెలిసింది నాకు.

వాడు ఇప్పుడు విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, పండగకు ఫోన్ కూడా చేస్తాడు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు మధ్యవేలితో లెక్కపెడతాడు. నేను పోయిన ప్రతిసారీ నా కళ్లు అక్కడికే పోతాయి.

సెలవులకు వచ్చినప్పుడు నువ్వు షెడ్డులో పాత బేరింగు గోళీలతో ఆడుకునేదానివి. ఇంజన్ స్టార్ట్ అవ్వగానే గట్టిగా అరిచి నిన్ను బయటికి తరిమేవాణ్ని. ఒకసారి ఏడ్చి అన్నం కూడా తినలేదు నువ్వు. చిన్నాయనకు కోపమెక్కువ అనుకున్నావు. అది కోపం కాదమ్మా.

కాబట్టి తడి కనిపిస్తే అట్టముక్కను పొడుగాటి కర్రకు కట్టి దూరం నుంచి పైపు వెంట జరుపు, అట్ట మీద మరక పడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకో. ఏ జాయింటు విప్పాలన్నా పనిముట్టు నేలమీదికి దించి, ఇంజన్ ఆపి, లీవర్లు నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించు, లోపలి ప్రెషర్ పోతుంది. ఎత్తిన రోటావేటర్ కింద చెయ్యి పెట్టాల్సి వస్తే మందపాటి చెక్క మొద్దులు పెట్టు, ఇటుకలు వద్దు, అవి పగులుతాయి. మీ నాయనను లీవర్ దగ్గరికి రానివ్వకు, ఆయనకు తొందరెక్కువ.

ఒకవేళ చర్మంలో చుక్క కనిపించిందా, నొప్పి లేకపోయినా, అర్ధరాత్రయినా నేరుగా పట్నం పెద్ద దవాఖానకు పో. "ప్రెషర్ మీద హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది" అని ఇదే మాట చెప్పు. పసుపు వద్దు, కాపడం వద్దు, సూది వేయించుకుని పడుకోవడం వద్దు. నాకు ఫోన్ దారిలో చెయ్యి.

ఇంకొకటి. రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు వేస్తే బలం వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వెయ్యకు. గేజీ లేకుండా దాన్ని ముట్టుకుంటే పంపు పగులుతుంది, పైపు పగులుతుంది, పైపు పగిలితే ఏమవుతుందో పైన రాశాను.

నూనె, జాలీ, ఫిల్టరు, దిగుతోందా లేదా అన్నది శనివారంలోపు చూసి పెట్టు. ఎంతసేపట్లో ఎంత దిగిందో సున్నపు గీత గీసి కొలిచి రాసుకో, ఊరికే దిగుతోంది అంటే నేను ఊరుకోను. లిఫ్ట్ కవరు మాత్రం విప్పకు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా. గేజీ, కొత్త పైపు నేను తెస్తా. పంపు నువ్వే విప్పుదువు గాని, నేను పక్కన నిలబడతా. అట్టముక్క, కర్ర నువ్వు వెతికి పెట్టు.

మీ చిన్నాయన