టేబుల్ మొత్తం చదవకుండా పోస్ట్‌గ్రెస్ అనలైజ్ గణాంకాలను ఎలా అంచనా వేస్తుంది?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్ డేటా గురించి గణాంకాలు సేకరించే ఆదేశమే అనలైజ్. కోట్ల వరుసలున్న టేబుల్‌పై కూడా అది త్వరగా ముగియడానికి కారణం, అది ఒక నమూనాను మాత్రమే చదవడం. గణాంకాలు ఎంత వివరంగా ఉండాలో చెప్పే సెట్టింగ్ అయిన స్టాటిస్టిక్స్ టార్గెట్ డిఫాల్ట్ విలువ 100. దానికి 300 రెట్లు, అంటే 30,000 వరుసలు నమూనాకు సరిపోతాయి. ముందు గరిష్ఠంగా 30,000 పేజీలను (టేబుల్ డిస్క్‌పై నిల్వ ఉండే భాగాలను) యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటిలోంచి వరుసలను ఏరుతుంది కనుక, పేజీకి 8 కిలోబైట్ల చొప్పున ప్రధాన టేబుల్ నుంచి చదివేది సుమారు 235 మెగాబైట్లు దాటదు, టేబుల్ ఎంత పెద్దదైనా సరే.

కాలమ్‌లో విలువలు ఎలా పరచుకుని ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్‌కు ఈ నమూనా చాలావరకు చాలు. చిక్కంతా విభిన్న విలువల లెక్క దగ్గరే. ఆర్డర్ల టేబుల్‌లో ఒకే కస్టమర్ వరుసలు పక్కపక్కనే చేరి ఉంటే, ఎంచుకున్న పేజీల్లో ఆ కొద్దిమందే పదేపదే కనబడి, లక్షల్లో ఉన్న కస్టమర్ల సంఖ్య వేలల్లో ఉన్నట్టు తేలవచ్చు. ఆ అంచనాను నమ్మిన ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) టేబుళ్లను కలపడానికి తప్పుడు జాయిన్ పద్ధతిని ఎంచుకునే ప్రమాదం ఉంది. టార్గెట్ పెంచితే అంచనా కొంత మెరుగుపడుతుంది గానీ, చదవాల్సిన పేజీలూ పెరుగుతాయి (తగ్గించుకోవాలనుకున్నది దాన్నే కదా). అందుకే ఇలాంటి కాలమ్‌కు ఆల్టర్ టేబుల్ ఆదేశం ద్వారా విభిన్న విలువల సంఖ్యను మనమే నిర్ణయించడం మేలని నా అభిప్రాయం. అక్కడ -0.05 అని ఇస్తే, మొత్తం వరుసల్లో 5 శాతం అని అర్థం, కాబట్టి టేబుల్‌తోపాటు అదీ పెరుగుతుంది. అయితే ఈ మార్పు మళ్లీ అనలైజ్ నడిపాకే అమలులోకి వస్తుంది.