కాజా ఎడమ పక్కన

అనంతపురం, పాతూరు

చిరంజీవి మేనల్లుడికి, అత్త దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోను చేసింది. బెంగళూరులో నీకు ఉద్యోగం ఖాయమైందని, మే నెలలో పెళ్ళని, రెంటికీ కలిపి మూడు సూట్లు ఒకేసారి కొంటున్నావని, అవీ నెలవాయిదాల మీదనని చెప్పింది. మొదటి రెండు మాటలకు దేవుడి దగ్గర దీపం పెట్టాను. మూడో మాటకు నిద్ర పట్టలేదు. నాలుగో మాటకు లేచి కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఇంట్లో కోట్లు కుట్టినవాళ్ళే గాని తొడుక్కున్నవాళ్ళు లేరు. మీ మామ ముప్పై ఏళ్ళు కుట్టారు. ఆయన ఒంటి మీద కోటు నేను చూసింది అంగడి అద్దం ముందే, అదీ ఎవరిదో, చంక కింద బిగువు చూడడానికి. నేను పక్కన కూర్చుని కాజాలు, అంటే గుండీ దూరే రంధ్రాలు, హెమ్మింగు చేసేదాన్ని. అందరూ కోటును పైనుంచి చూస్తారు, నేను లోపలినుంచి చూసినదాన్ని. కాబట్టి నా మాట కాస్త విను.

మూడు వద్దు, ఒక్కటి చాలు. ముదురు నీలం, గళ్ళూ గీతలూ లేనిది, రెండు గుండీలది. ఆఫీసుకు, స్నేహితుల పెళ్ళిళ్ళకు, నీ రిసెప్షనుకు కూడా అదే సరిపోతుంది. చొక్కా, టై మారిస్తే సందర్భం మారుతుంది. దాని మీదికి ప్యాంట్లు మాత్రం రెండు. కోటు కంటే ప్యాంటే ముందు అరుగుతుంది, కూర్చునే చోట మెరుపెక్కుతుంది. పెద్ద పన్నా, అంటే వెడల్పు ఎక్కువున్న గుడ్డ కోటుకూ ప్యాంటుకూ మూడు మీటర్లు, రెండో ప్యాంటుకు ఇంకో మీటరుంబావు పడుతుంది. ఒకే తానులోంచి ఒకేసారి కోయించు, తర్వాత కొంటే రంగు కలవదు.

రెండోది బొగ్గు రంగుది, ఆరు నెలల జీతం చేతికి వచ్చాక. నల్లది అన్నిటికంటే చివర, అదీ రాత్రి విందులకే. పగలు మన ఊరి దుమ్ము ఆ నలుపు మీద పిండి చల్లినట్టు కనబడుతుంది. పైగా ఎవరో ఒకరు లాయరనుకుని పొలం గట్టు తగాదా చెప్పుకుంటారు.

ముహూర్తానికి ధర్మవరం పట్టుపంచె. అక్కడ సూటు మాట ఎత్తకు. మెడ దాకా మూసుకునే జోధ్‌పురి కోటు అందంగానే ఉంటుంది, కానీ మే నెలలో వద్దు. చలికాలంలో ఎవరి పెళ్ళికైనా వేసుకో. చావు ఇంటికి నల్ల సూటులో వెళ్ళడం సినిమాల్లో చూసి ఉంటావు, మన దగ్గర మామూలు చొక్కాతో వెళ్ళు.

ఇక వాయిదాలు. మీ తాత వేరుశనగ విత్తనాలకు తెచ్చిన అప్పు తీర్చడానికి మీ నాన్న చదువు మానేశాడు. ఆ అప్పుతో పంటైనా వేశారు. నువ్వు గుడ్డకు అప్పు చేస్తానంటున్నావు. కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపమే. ఒక్క మంచి సూటుకు చేతిలో డబ్బు లేకపోతే నాకు చెప్పు, నా పింఛను డబ్బు పోస్టాఫీసులో ఊరకే పడి ఉంది.

గుడ్డ సంగతి. పాలిస్టర్ కలిసిన కొద్దీ చెమట లోపలే నిలుస్తుంది. ఉన్ని అనగానే వేడి అని భయపడకు, పలచగా నేసిన ఉన్ని గాలి ఆడనిస్తుంది. చదరపు మీటరుకు 250 గ్రాములలోపు బరువున్నది అడుగు. లైనింగు వీపు కింది భాగంలో లేకుండా, సగమే వేయమను. అంగడివాడు సూపర్ 100, 120, 150 అని అంకెలు చెబుతాడు. అది ఉన్ని వెంట్రుక ఎంత సన్ననిదో చెప్పే లెక్క. పెద్ద అంకె గుడ్డ చేతికి వెన్నలా తగులుతుంది, కానీ తొందరగా నలుగుతుంది, తొందరగా అరుగుతుంది. రోజువారీకి 100 చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1987 మే. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే కుర్రవాడు, పెళ్ళి పది రోజులుందనగా గుడ్డ తెచ్చాడు. మీ మామ వద్దన్నారు. పెళ్ళిళ్ళ కాలం, అప్పటికే కుట్టాల్సిన కోట్లు పదకొండున్నాయి. నేనే పాపం, ఒప్పుకోండి అన్నాను. పెళ్ళి రేపనగా రాత్రి ఆ కోటు నా ఒడిలోకి వచ్చింది. కాజాలు తప్ప అన్నీ అయిపోయాయి. కరెంటు లేదు. మగవారి కోటుకు కాజా ఎడమ పక్క, గుండీ కుడి పక్క. ఆ రోజంతా లేడీ డాక్టర్ల తెల్లకోట్లు అరడజను చేసి ఉన్నాను, వాటికి కాజా కుడి పక్క. లాంతరు వెలుతురులో, నిద్ర మత్తులో, అదే అలవాటున కుడి పక్కనే కత్తెర మొన దించాను. గుడ్డ తెగిన చిన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం. కోసిన దాన్ని ఏం చేయగలం?

మీ మామ ఒక్క మాట అనలేదు. లాంతరు దగ్గరికి లాక్కుని, ప్యాంటు అంచు లోపలి మడతలోంచి పోగులు తీసి, తెగిన చోట అల్లి రఫూ చేశారు. తెల్లవారుజామున నాలుగైంది. ఆ రఫూ మీదే, వెనక చిన్న ముక్క వేసి గుండీ కుట్టాం. పైకి ఏమీ కనబడదు, ఎడమ భాగం దాని మీదికి వచ్చి కప్పేస్తుంది. కానీ గుండీని పట్టుకుని ఉన్నది రఫూ పోగులే. నాలుగుసార్లు తీసి పెడితే ఊడి చేతికి వస్తుంది.

పొద్దున అతను వచ్చినప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. నేను నవ్వుతూ, పెళ్ళికొడుకు కోటు గుండీ తీయకూడదు నాయనా, శోభ పోతుంది అన్నాను. నమ్మాడు.

రిసెప్షనుకు మమ్మల్నీ పిలిచాడు. రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, సాయంత్రం ఏడైనా నేల ఇంకా సెగలు కక్కుతోంది. కూర్చోమంటే కూర్చోడు, గుండీ పెట్టుకుని కూర్చుంటే కోటు పొట్ట దగ్గర లాగుతుంది మరి. గుండీ తీయమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. రెండు గంటలు అలాగే నిలబడ్డాడు. కాలరు చెమటకు తడిసి నల్లబడింది. చివరికి పెళ్ళికూతురి భుజం మీదికి ఒరిగిపోయాడు. మజ్జిగ తెచ్చారు, విసనకర్రలు తెచ్చారు, దిష్టి తగిలిందని ఎవరో గుమ్మడికాయ తిప్పారు. నేను విస్తరి ముందు కూర్చుని చూస్తూనే ఉన్నాను. జనంలోంచి వెళ్ళి ఆ గుండీ తీసింది మీ మామ. అది ఊడి ఆయన చేతిలోకే వచ్చింది, జేబులో వేసుకున్నారు.

వారం తర్వాత ఆ అబ్బాయి లడ్డూల పొట్లం, మిగిలిన కుట్టుకూలి పట్టుకుని అంగడికి వచ్చాడు. మీ మామ డబ్బు తీసుకోలేదు. ఎందుకంటే పెళ్ళికానుక అన్నారు. ఆ గుండీ ఇప్పటికీ నా దారాల డబ్బాలో ఉంది.

అందుకే చెబుతున్నాను, కోటు పెళ్ళికి మూడు వారాల ముందే ఇంటికి రావాలి. మధ్యలో రెండుసార్లు ట్రయల్ చూసుకోవాలి. కింది గుండీ ఎప్పుడూ పెట్టకూడదు, అది పద్ధతి. పై గుండీ కూర్చునేటప్పుడు తీయాలి, అదీ పద్ధతే. ఫొటోలు కాగానే కోటు విప్పి కుర్చీకి వేసెయ్. తల తిరుగుతున్నట్టుంటే ఫొటోల మధ్యలోనే విప్పు, ఎవరేమనుకున్నా సరే.

రెడీమేడ్ కొంటావేమో, దానికీ రెండు మాటలు. గోడకు పక్కగా నిలబడు. చెయ్యి కంటే ముందు భుజం మెత్త గోడకు తగిలితే అది నీ కొలత కాదు. నడుము, చేతి పొడవు ఎవరైనా సరిచేస్తారు. భుజం సరిచేస్తానన్నవాణ్ణి నమ్మకు. రొమ్ము దగ్గర పై గుడ్డనూ లోపలి గుడ్డనూ వేళ్ళతో పట్టుకుని విడదీసి చూడు. మధ్యలో ఇంకో పొర విడిగా జారితే అది కుట్టిన కాన్వాసు, కోటుకు ఆకారం నిలిపే గుడ్డ. జారకుండా అట్టలా ఉంటే జిగురుతో అంటించినది, కొన్నాళ్ళకు ఇస్త్రీ వేడికి బొబ్బలు లేచినట్టవుతుంది. కోటు చేతి కింద చొక్కా అంచు అర అంగుళం కనబడాలి. వెనక చీలికకు వేసి ఉన్న ఇంటూ గుర్తు కుట్టు కోసెయ్. చేతి మీద కంపెనీ చీటీ కూడా. మొన్న ఒక పెళ్ళిలో కుర్రాళ్ళందరూ ఆ చీటీలతోనే తిరిగారు, ధర చీటీ ఒక్కటే తక్కువ.

కోటు కొన్నాక ఒకసారి ఇక్కడికి తీసుకురా. గుండీలన్నీ విప్పి, కింద దారం చుట్టి మెడ కట్టి గట్టిగా మళ్ళీ కుడతాను, మిషను గుండీలు నిలవవు. పొద్దున పది గంటలలోపు రా, వసారాలో వెలుతురు బాగుంటుంది. రాత్రిపూట నేను సూది ముట్టను. ఈ కళ్ళతో సూదిలో దారం ఎక్కడం లేదు, అది నువ్వే ఎక్కించాలి.

మీ అత్త